గాలిపటానికి తీగ కట్టిన మార్కోని

ఈసారి మన గోడ పత్రికకు నేను మార్కోని జీవిత చరిత్ర రాస్తున్నాను. రేడియో కనిపెట్టిన శాస్త్రవేత్త ఎవరు అంటే మార్కోని అని జనరల్ నాలెడ్జిలో మనం ఒక్క ముక్కలో బట్టీ పడతాము. కానీ ఆయన కథ మొత్తం చదివితే అందులో రేడియో డబ్బా కంటే తీగ గురించే ఎక్కువ ఉంటుంది. అదే ఏరియల్ తీగ, యాంటెన్నా అని కూడా అంటారు. సైన్సు గదిలోని షార్ట్‌వేవ్ రేడియోకు ఏ యాంటెన్నా పెట్టాలి అని నెల రోజుల నుంచి మన హాస్టల్లో వాదన నడుస్తున్నది గదా. అందుకని ఈయన్నే ఎంచుకున్నాను.

గుగ్లియెల్మో మార్కోని 1874 ఏప్రిల్ 25న ఇటలీ దేశంలో బొలోనా పట్టణంలో జన్మించాడు. తండ్రి జుసెప్పె మార్కోని, బాగా భూములున్న ఆసామి. తల్లి ఆనీ జేమ్సన్, ఐర్లండు దేశపు ఆవిడ. ఆమె పుట్టింటి వాళ్ళది పెద్ద విస్కీ వ్యాపారం. గొప్పవాళ్ళ చరిత్రలు ఎక్కువగా వీధి దీపం కింద చదువుకున్నాడు, ఏరు ఈది బడికి పోయాడు అని మొదలవుతాయి. ఇది అట్లాంటిది కాదు. ఈయనకు కూటికి, గుడ్డకు, దీపానికి ఏ లోటూ లేదు. ఉన్న మాట ఉన్నట్టు చెప్పాలి గదా.

కానీ చదువు దగ్గర మాత్రం ఇబ్బంది పడ్డాడు. బడికి సరిగా పోలేదు. పంతుళ్ళు ఇంటికి వచ్చి చెప్పేవాళ్ళు. నౌకాదళం వాళ్ళ అకాడమీలో సీటు రాలేదు, బొలోనా విశ్వవిద్యాలయంలోనూ రాలేదు. కొడుకు ఎప్పుడు చూసినా తీగలు, బ్యాటరీలు ముందేసుకొని కూర్చోవడం తండ్రికి గిట్టేది కాదు. తల్లి కొడుకు పక్షం. వాళ్ళ ఊరి దగ్గరే ఉండే రీఘీ అనే ప్రొఫెసరు తన ప్రయోగశాలకు వచ్చి చూసుకోవడానికి ఈ కుర్రవాడికి వీలు కల్పించాడు.

అప్పటికి జర్మనీ దేశంలో హెర్ట్జ్ అనే ఆయన, కంటికి కనపడని విద్యుత్ తరంగాలు గాలిలో ప్రయాణిస్తాయని 1888 నాటికి రుజువు చేసి ఉన్నాడు. రేడియో మీద కిలోహెర్ట్జ్, మెగాహెర్ట్జ్ అని ఉంటుంది చూడండి, అది ఆయన పేరే. పాపం ఆయన 1894 జనవరి 1న 36 ఏళ్ళకే చనిపోయాడు. ఆయన పని మీద రీఘీ రాసిన వ్యాసం మార్కోని ఆ వేసవిలో చదివాడు. ఆ తరంగాలతో కబురు పంపవచ్చు గదా అని ఆయనకు తోచింది. అప్పటికి ఆయన వయసు 20.

వాళ్ళ ఇల్లు పొంతెక్యో అనే పల్లెలో ఉండేది. పూర్వం పట్టుపురుగులు పెంచిన మేడ గది ఒకటి ఆ ఇంటి పైన ఉంది. మార్కోని అందులో చేరి తలుపేసుకున్నాడు. ఒక రాత్రి నిద్రపోతున్న తల్లిని లేపి పైకి తీసుకుపోయి, ఒక మూల మీట నొక్కితే ఇంకో మూల గంట మోగేటట్టు చేసి చూపించాడని చెబుతారు. మధ్యలో తీగ లేదు. మొదట చూసింది తల్లేనన్నమాట.

ఇక 1895లో గది చాలక బయటికి వచ్చాడు. కబురు కొద్ది దూరం పోయి ఆగిపోయేది. రకరకాలుగా మార్చి మార్చి చూశాడు. చివరికి ఏం చేశాడంటే, మిణుగురు పుట్టించే యంత్రం ఒక కొసను పొడుగాటి కర్ర మీద ఉన్న లోహపు పలకకు కలిపాడు. రెండో కొసను భూమిలో పూడ్చిన పలకకు కలిపాడు. కబురు అందుకునే వైపు కూడా అట్లాగే ఒకటి పైకి, ఒకటి భూమిలోకి. అంతే, దూరం ఒక్కసారిగా పెరిగి సుమారు 2 కిలోమీటర్లు అయింది. మధ్యలో చిన్న కొండ ఉంది. అందుకునే పెట్టె కొండ అవతల ఉంది, అక్కడ అన్న అల్ఫోన్సో ఉన్నాడు. కబురు అందితే తుపాకీ పేల్చాలని ఒప్పందం. కొండ అవతల తుపాకీ మోగింది.

నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చింది ఇదే. ఆయన కొత్త తరంగం కనిపెట్టలేదు. మిణుగురు పుట్టించే పద్ధతి హెర్ట్జ్‌ది. అందుకునే గాజు గొట్టం, అంటే లోహపు పొడి నింపిన గొట్టం, ఫ్రాన్సు దేశపు బ్రాన్లీ, ఇంగ్లండు లాడ్జ్ వాళ్ళ పని. మార్కోని చేసిందల్లా తీగను పైకి లేపి, రెండో కొసను మట్టిలో పాతడం. కర్రను ఎంత పెంచితే కబురు అంత దూరం పోయింది. ఇటలీ భాషలో యాంటెన్నా అంటే పొడుగాటి కర్ర, ఓడ మీద తెరచాప కట్టే కర్ర లాంటిది. బయాలజీలో బొద్దింక స్పర్శశృంగాలను కూడా యాంటెన్నాలనే అంటారు. బొద్దింక మీసాలకు, రేడియో కడ్డీకి ఒకటే పేరు ఎందుకో అని మా బెంచీలో అనుకునేవాళ్ళం.

ఇటలీ ప్రభుత్వం వాళ్ళు ఆయన పనిని పట్టించుకోలేదంటారు. అందుచేత 1896లో తల్లితో కలిసి ఇంగ్లండు పోయాడు. అక్కడ తపాలా శాఖ పెద్ద ఇంజనీరు ప్రీస్ సాయం చేశాడు. అదే సంవత్సరం జూన్ 2న పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1897లో సముద్రపు పాయ మీదుగా ఒక దీవికి కబురు పంపాడు, కంపెనీ కూడా పెట్టాడు. 1899లో ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు మధ్య సముద్రం దాటించాడు. ఇవన్నీ గబగబా జరిగాయి. డబ్బున్న ఇంట్లో పుట్టడం ఇక్కడ ఉపయోగపడింది.

ఆ తరువాత ఆయనకు అట్లాంటిక్ మహాసముద్రం దాటించాలనే పట్టుదల పుట్టింది. చాలామంది పండితులు ఇది కాదన్నారు. భూమి గుండ్రంగా ఉంది గనుక తరంగాలు తిన్నగా ఆకాశంలోకి పోతాయి, వంగవు అన్నారు. మార్కోని వినలేదు. ఇంగ్లండు పడమటి కొసన పోల్డు అనే చోట పెద్ద స్టేషను కట్టించాడు. ఒక్కొక్కటి 200 అడుగుల ఎత్తున్న 20 స్తంభాలు గుండ్రంగా నిలబెట్టి, వాటి మీద తీగలు అల్లించాడు. ఎంత ఖర్చయిందో ఊహించుకోండి. 1901 సెప్టెంబరులో గాలివాన వచ్చి స్తంభాలన్నీ కూలిపోయాయి. అమెరికా వైపు కట్టించిన ఇంకో స్టేషను కూడా నవంబరులో కూలిపోయింది. దివిసీమ ఉప్పెన, తుఫాన్లు తెలిసిన జిల్లాల వాళ్ళం, మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొకరైతే ఇంటికి పోయేవాళ్ళు. మార్కోని పోల్డులో మళ్ళీ నిలబెట్టిన కొద్దిపాటి స్తంభాలకే తీగలు కట్టించి, తాను ఇద్దరు సహాయకులతో న్యూఫౌండ్‌లాండ్ అనే చోటికి ఓడలో పోయాడు. అది సముద్రానికి అవతలి ఒడ్డు. కెంప్, పేజెట్ అని ఆ ఇద్దరి పేర్లు. అక్కడ స్తంభాలు నాటడానికి వ్యవధి లేదు. అందుకని ఏం పట్టుకుపోయాడో తెలుసా? గాలిపటాలు, గాలిబుడగలు. ఆ గాలిపటాలను తయారు చేసింది బేడెన్ పావెల్. మన స్కౌట్స్, గైడ్స్ స్థాపించిన బేడెన్ పావెల్ తమ్ముడు ఈయన.

డిసెంబరు నెల, మంచు, ఈదురు గాలి. సిగ్నల్ హిల్ అనే కొండ మీద నిలబడి ఎగరేశారు. ఒక బుడగ తెంపుకొని పోయింది. ఒక గాలిపటం తీగతో సహా పోయింది. ఇంకో గాలిపటం నిలబడింది. దానికి కట్టిన తీగ సుమారు 500 అడుగులు. తీగ కింది కొస కిటికీలో నుంచి గదిలోకి వచ్చింది. గాలిపటం ఒక చోట నిలవదు గదా, లేస్తుంది, దిగుతుంది. అది ఊగినప్పుడల్లా తీగ గుణం మారిపోయేది. అందుచేత ఒకే తరంగానికి సరిగ్గా శృతి చేసి పెట్టుకునే మంచి పెట్టె అక్కడ పనికి రాలేదు. దాన్ని పక్కన పెట్టి, శృతి లేని మామూలు పెట్టెకు తీగ కలిపి, చెవికి ఫోను పెట్టుకున్నాడు. 1901 డిసెంబరు 12, మధ్యాహ్నం పన్నెండున్నర. ఆ హోరులో మూడు చిన్న టిక్కులు వినిపించాయి. మోర్స్ భాషలో ఎస్ అనే అక్షరం. కెంప్ చేతికి ఫోను ఇస్తే ఆయనకూ వినిపించిందట. దూరం సుమారు 3,500 కిలోమీటర్లు.

ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. మొదటిది, ఆ రోజు ఆయన నిజంగా విన్నాడా, ఆకాశంలో ఉరుముల గరగర విని పొరబడ్డాడా అని ఇప్పటికీ కొందరు శాస్త్రవేత్తలు అనుమానిస్తారు. పట్టపగలు అటువంటి తరంగం అంత దూరం పోవడం కష్టం. కానీ రెండు నెలల తరువాత, 1902 ఫిబ్రవరిలో, ఫిలడెల్ఫియా అనే ఓడలో పోతూ పోల్డు సంకేతాలను కాగితం మీద అచ్చు పడేటట్టు అందుకున్నాడు. అప్పుడు పగలు సుమారు 700 మైళ్ళ వరకే వినిపించింది, రాత్రి 2,000 మైళ్ళు దాటి వినిపించింది. మనం కూడా రాత్రి పూటే దూరపు స్టేషన్లు పట్టుకుంటాం గదా, దాని మొదటి సాక్ష్యం ఇదే. పైన ఆకాశంలో తరంగాలను వెనక్కి తిప్పే పొర ఉండాలని కెన్నెలీ, హెవిసైడ్ అనే ఇద్దరు అదే సంవత్సరం చెప్పారు.

రెండో మాట మన దేశానిది. గాలిపటం తీగ కింద మార్కోని వాడిన పెట్టెలో ఇనుము, పాదరసం లాంటి వాటితో చేసిన చిన్న గొట్టం ఉంది. అటువంటి ఇనుము, పాదరసం గొట్టాన్ని టెలిఫోనుతో కలిపి వాడడం గురించి మన జగదీశ్ చంద్ర బోసు గారు 1899లోనే లండన్ రాయల్ సొసైటీలో వ్యాసం సమర్పించారు. బోసు గారు 1895లోనే కలకత్తాలో తరంగాలతో గోడల అవతల గంట మోగించి చూపించారు. చిన్నప్పుడు ఆయన తండ్రి ఆయన్ను ఇంగ్లీషు బడికి పంపకుండా బెంగాలీ బడికి పంపారు. అక్కడ జాలరి కొడుకు పక్కన కూర్చొని చదువుకున్నారు. పేటెంట్ల మీద ఆయనకు ఆశ లేదు. మార్కోని ప్రతిదానికీ పేటెంటు తీసుకున్నాడు. ఎవరు గొప్ప అని నన్ను అడిగితే బోసు గారికే నా ఓటు, కానీ తీగ సంగతి మాత్రం మార్కోని దగ్గరే నేర్చుకోవాలి.

ఇప్పుడు మన వాదనకు వస్తాను. కొందరు విరిగిన లాగుడు కడ్డీ బదులు కొత్తది కొనాలంటున్నారు. కొందరు డాబా మీద పడి ఉన్న పాత టీవీ యాంటెన్నా తగిలిద్దామంటున్నారు. టీవీ యాంటెన్నాకు ఉన్న అల్యూమినియం కడ్డీలు కొలిచి కోసినవి. కొన్ని తరంగాలకే అవి సరిపోతాయి, అవి కూడా షార్ట్‌వేవ్ కంటే చాలా పొట్టి తరంగాలు. మనకేమో 49 మీటర్ల నుంచి 16 మీటర్ల దాకా అన్ని బ్యాండ్లూ తిప్పుతూ వినాలని ఉంది. దానికి మార్కోని ఆ కొండ మీద వాడినటువంటి ఉత్త తీగే మేలు. ఏ ఒక్క బ్యాండులోనూ అది అందరికంటే గొప్పగా ఉండదు, కానీ దేన్నీ పూర్తిగా వదలదు.

500 అడుగులు అక్కరలేదు. అంత పొడుగు కడితే చిన్న రేడియో తట్టుకోలేదు, ఒక స్టేషను మీద ఇంకోటి ఎక్కి కూర్చుంటుంది. 30 నుంచి 50 అడుగులు చాలు. మిరప చేలల్లో బోరు మోటార్లు ఎప్పుడూ కాలుతూనే ఉంటాయి, వైండింగు షాపులో రాగి తీగ తూకానికి దొరుకుతుంది. దాని మీద వార్నిష్ లాంటి పూత ఉంటుంది, కొసల దగ్గర గరుకు కాగితంతో గీకితేనే కరెంటు పారుతుంది. డాబా పిట్టగోడ నుంచి వేపచెట్టు దాకా కట్టవచ్చు. రెండు కొసలకూ నైలాను తాడు, మధ్యలో ప్లాస్టిక్ పైపు ముక్క పెడితే తీగ గోడకు, చెట్టుకు తగలదు. చెట్టు గాలికి ఊగుతుంది గనుక తీగను బిగించకుండా కాస్త వదులుగా కట్టాలి. కింది కొసను లాగుడు కడ్డీ మొదట్లో చుడితే షార్ట్‌వేవ్ పలుకుతుంది. మీడియం వేవుకు ఆ కడ్డీ పని చేయదు, లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీ వేరే ఉంటుంది. దానికి రేడియో డబ్బా చుట్టూ తీగను నాలుగైదు చుట్లు చుట్టాలి.

తీగ ఇంటికి దూరంగా ఎందుకంటే, ఎల్ఈడీ బల్బులు, సెల్లు చార్జర్లు, మోటారు స్టార్టర్లు గరగరమని రొద చేస్తాయి. కరెంటు పోయినప్పుడు రేడియో ఎంత శుభ్రంగా పలుకుతుందో మీరే గమనించారు. మా చెంచు పెంటలో చీకటి పడితే ఈ రొద ఏదీ ఉండదు, చిన్న సెట్టుకు కూడా ఎక్కడెక్కడి భాషలో వినపడతాయి. మిరప కోతలకు మా అమ్మా వాళ్ళు ఈ మైదానానికి వచ్చినప్పుడు అదే సెట్టు తెస్తే మూగబోయింది. రెండో తీగ భూమిలోకి పోవాలి గదా, దానికి చేతిపంపు దగ్గర తడి నేలలో ఇనుప కడ్డీ దిగ్గొట్టాలి. నల్లరేగడి ఎండాకాలం పర్రెలు బారి ఎండిపోతుంది, కాబట్టి నీళ్ళు పారే చోటే పాతాలి.

వార్డెన్ మేడం గారు భయపడేది కరెంటు తీగలకు, పిడుగుకు. ఆ భయం న్యాయమైనదే. కరెంటు లైను మీదుగా గానీ, కింద గానీ, తెగితే దాని మీద పడేంత దగ్గరగా గానీ మన తీగ పోకూడదు. డాబాకు, వేపచెట్టుకు మధ్య ఏ లైనూ లేదు, వచ్చి చూసుకోమని మేడం గారిని కోరుతున్నాము. మబ్బు పట్టగానే తీగను రేడియో నుంచి ఊడదీసి, బయటే ఆ ఇనుప కడ్డీకి కలిపి ఉంచాలి. ఉరుములు మొదలైన తరువాత ఎవరూ దాన్ని ముట్టకూడదు. ఈ పనికి 9వ తరగతి, 10వ తరగతి వాళ్ళం వంతులు వేసుకుంటాము.

మళ్ళీ మార్కోని దగ్గరకు. 1909లో ఆయనకు, జర్మనీ శాస్త్రవేత్త బ్రౌన్‌కు కలిపి భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడ మంచుకొండను గుద్దుకున్నప్పుడు, దాని స్తంభాల మధ్య కట్టిన తీగల నుంచే ఆపద కబుర్లు పోయాయి. పంపిన కుర్రవాళ్ళు మార్కోని కంపెనీ ఉద్యోగులు. కబురు విని కార్పాతియా అనే ఓడ వచ్చి సుమారు 700 మందిని కాపాడింది. 1500 మంది దాకా చనిపోయారు. అదే సంవత్సరం మార్కోనికి కారు ప్రమాదంలో కుడి కన్ను పోయింది.

పెద్ద కంపెనీ అయ్యాక ఆయన ఏం చేశాడంటే, ఇంకా పొడుగు తరంగాలు, ఇంకా పెద్ద స్తంభాలు అని పోయాడు. దూరం పోవాలంటే పొడుగు తరంగమే కావాలని అప్పట్లో అందరి నమ్మకం. 200 మీటర్ల కంటే పొట్టి తరంగాలు దేనికీ పనికిరావని, 1912లో అమెరికా చట్టం వాటిని సరదాగా రేడియో నడుపుకునే వాళ్ళకు వదిలేసింది. ఎవరికీ అక్కరలేని బీడు ఇచ్చినట్టు. ఆ సరదా వాళ్ళు ఊరుకోలేదు. 1921 డిసెంబరులో గాడ్లీ అనే అమెరికా ఆయన స్కాట్లండులో సముద్రం ఒడ్డున గుడారం వేసి, 1300 అడుగుల తీగను గుంజల మీద పరిచాడు. ఇళ్ళల్లో కూర్చున్న అమెరికా ఔత్సాహికుల కబుర్లు దాని మీద విన్నాడు. 1923లో ఇంకా పొట్టి తరంగాలతో ఫ్రాన్సుకు, అమెరికాకు మధ్య అటూ ఇటూ మాట్లాడుకున్నారు. బీడులోనే పంట పండింది.

మార్కోనిలో నాకు నచ్చిన గుణం ఏమిటంటే, తాను కట్టించినవన్నీ ఉండి కూడా ఆయన వెనక్కి తిరిగి పొట్టి తరంగాల దగ్గరకు వచ్చాడు. ఎలెట్రా అని ఆయనకు సొంత ఓడ ఉండేది, అదే ప్రయోగశాల. 1923లో ఆయన, ఫ్రాంక్లిన్ అనే ఇంజనీరు కలిసి పోల్డు నుంచి పొట్టి తరంగాలు పంపి ఆ ఓడలో విన్నారు. 1924లో 32 మీటర్ల తరంగం పగలు కూడా చాలా దూరం పోయింది. దాంతో పెద్ద పెద్ద పొడుగు తరంగ స్టేషన్ల పని అయిపోయింది. 1927లో ఇంగ్లండుకు, మన దేశానికి మధ్య ఈ షార్ట్‌వేవ్ తంతి మొదలైంది. మన వైపు స్టేషన్లు పూనా దగ్గర కిర్కీ, ధోండు అనే చోట్ల ఉండేవి. అదే సంవత్సరం జూలై 23న బొంబాయి రేడియో మొదలైంది. మన తెలుగు వాళ్ళకు మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చాయి.

ఒక చెడ్డ సంగతి కూడా రాయాలి. మార్కోని 1923లో ముస్సోలినీ ఫాసిస్టు పార్టీలో చేరాడు. 1935లో ఇటలీ సైన్యం ఇథియోపియా మీద పడి అక్కడి వాళ్ళ నేల లాక్కుంటుంటే దాన్ని సమర్థించాడు. అంత తెలివిగలాయన ఎందుకట్లా చేశాడో నాకు అర్థం కాలేదు. పిల్లల పుస్తకాల్లో ఈ ముక్క వదిలేస్తారు. అడవి సంగతి తెలిసిన మనం వదలకూడదని రాశాను.

ఆయన 1937 జూలై 20న రోమ్ నగరంలో గుండె జబ్బుతో చనిపోయాడు. వయసు 63. అదే సంవత్సరం నవంబరులో మన బోసు గారు కూడా కన్నుమూశారు. మార్కోని అంత్యక్రియల వేళకు చాలా దేశాల రేడియో స్టేషన్లు ప్రసారాలు ఆపి రెండు నిమిషాలు మౌనం పాటించాయి. ఆ రెండు నిమిషాలు తీగలన్నిటిలో ఉరుముల గరగర ఒక్కటే వినిపించి ఉంటుంది.